అమెరికా ప్రైమరీల్లో ఎవరికి ఎంత ఛాన్స్? లెక్క వేసే పద్ధతి

2003 డిసెంబరులో డెమోక్రాట్లలో సర్వేలు చూసినా, విరాళాలు చూసినా హోవర్డ్ డీన్‌దే పైచేయి. 2004 జనవరి 19న, మొదట ఓటేసిన అయోవా రాష్ట్రంలో ఆయన మూడో స్థానంలో పడ్డారు. నామినేషన్, అంటే పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేసే అవకాశం, జాన్ కెర్రీకి దక్కింది. 2007లో చాలా నెలలపాటు జాతీయ సర్వేల్లో రిపబ్లికన్ల వైపు రూడీ జూలియానీ, డెమోక్రాట్ల వైపు హిల్లరీ క్లింటన్ ముందున్నారు. చివరికి బరిలో మిగిలింది మెకెయిన్, ఒబామా. అలాగని సర్వేలన్నీ గాలికబుర్లని కొట్టిపారేయలేం. 2015 వేసవి నుంచి రిపబ్లికన్ సర్వేల్లో ట్రంప్ దాదాపు అంతటా ముందే ఉన్నారు. అప్పుడు బోల్తా పడింది "ఇది నాలుగు రోజుల ముచ్చట" అన్న విశ్లేషకులే.

మన దగ్గర బీ-ఫారం ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. అక్కడ ఆ పని ఓటర్లది, ఆ ఓటింగే ప్రైమరీ. అదీ ఒక్క రోజులో కాదు, ఒక రాష్ట్రం తర్వాత ఒకటిగా నాలుగైదు నెలలు సాగుతుంది. ముందు ఓటేసిన రాష్ట్రాన్ని చూసి వెనకాల రాష్ట్రం మనసు మార్చుకుంటుంది. కాబట్టి అభ్యర్థి అవకాశాన్ని అంచనా వేయాలంటే ఈ వరస మొత్తం చదవాలి. నేనైతే జాతీయ సర్వే కన్నా క్యాలెండర్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎందుకో కింద చెబుతాను.

తెలుగువాళ్లకు ఈ గొడవెందుకు అంటారా? 2024లో నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి పోటీ చేసినప్పుడు భారతీయ కుటుంబాల్లో ఎంత చర్చ జరిగిందో తెలిసిందే. 2028కి రిపబ్లికన్లలో జె.డి. వాన్స్ పేరు వినిపిస్తోంది. ఆయన భార్య ఉష కుటుంబ మూలాలు ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో రేపు ఎన్ని "పక్కా గెలుపు" మెసేజ్‌లు తిరుగుతాయో ఊహించుకోవచ్చు. అప్పటికి మీ చేతిలో సొంత లెక్క ఉంటే మంచిది.

ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. అడ్డంగా రాష్ట్రాలు తేదీల వారీగా, నిలువుగా అభ్యర్థులు. ఇక మొదలుపెడదాం.

1. డెలిగేట్ల నియమాలు ముందు చదవండి

ప్రైమరీలో మొత్తం ఓట్లు ఎవరికి ఎక్కువొస్తే వాళ్లు గెలిచినట్టు కాదు. ప్రతి రాష్ట్రం కొందరు ప్రతినిధులను, అంటే డెలిగేట్లను, పార్టీ మహాసభకు పంపుతుంది. వాళ్లలో సగానికి పైగా ఎవరి వైపు ఉంటే నామినేషన్ వాళ్లది. 2020లో డెమోక్రాట్లకు ప్రైమరీల ద్వారా ఎంపికయ్యే డెలిగేట్లు 3,979 మంది, కావలసింది 1,991. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429, కావలసింది 1,215. ఈ సంఖ్యలు ప్రతిసారీ మారతాయి.

రెండు పార్టీల పద్ధతుల మధ్య చాలా తేడా ఉంది, చాలామంది ఇక్కడే తడబడతారు.

డెమోక్రాట్లలో అన్ని రాష్ట్రాల్లోనూ డెలిగేట్ల పంపకం ఓట్ల నిష్పత్తిలోనే. కానీ 15 శాతం గీత ఒకటుంది. అది దాటనివాళ్లకు సున్నా. పైగా ఈ గీత రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ఒక్కో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గంలో విడిగా మరోసారి వర్తిస్తుంది. ఒక ఊహాజనిత రాష్ట్రం తీసుకోండి. రాష్ట్రస్థాయిలో పంచాల్సినవి 20 డెలిగేట్లు. అయిదుగురికి వరసగా 34, 26, 14, 13, 13 శాతం ఓట్లు వచ్చాయి. గీత దాటింది ఇద్దరే. కాబట్టి ఆ 20 మందినీ 34:26 నిష్పత్తిలో వాళ్లే పంచుకుంటారు, మొదటివారికి 11, రెండోవారికి 9. మిగతా ముగ్గురికి పడిన 40 శాతం ఓట్లు ఒక్క డెలిగేట్‌నూ తేలేదు. అందుకే డెమోక్రాట్ల రేసులో 14కీ 16కీ మధ్య తేడా 30కీ 34కీ మధ్య తేడా కన్నా పెద్దది. 2020 కాలిఫోర్నియాలో ఎలిజబెత్ వారెన్, మైకేల్ బ్లూమ్‌బెర్గ్ ఇద్దరూ రాష్ట్రస్థాయిలో ఈ గీతకు కాస్త కిందే ఆగిపోయారు.

రిపబ్లికన్లలో రాష్ట్రానికో రూలు. మార్చి మధ్య వరకు చాలా రాష్ట్రాలు ఏదో ఒక మేరకు నిష్పత్తి పాటించాలి. ఆ తర్వాత "మొదటివాడికే అన్నీ" పెట్టుకోవచ్చు. సౌత్ కరోలినాకు ముందు నుంచీ మినహాయింపు ఉంది. 2016లో అక్కడ ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం ఓట్లే, డెలిగేట్లు మాత్రం మొత్తం 50 మందీ ఆయనకే. ఫ్లోరిడాలో 45.7 శాతంతో 99 మందినీ పట్టేశారు. ప్రత్యర్థుల ఓట్లు చీలినప్పుడు ఈ పద్ధతిలో మూడో వంతు మద్దతున్నవాడు కూడా గట్టెక్కేస్తాడు. అదే మద్దతుతో డెమోక్రాట్ల రేసులో నెలల తరబడి ఈడ్చుకుంటూ పోవాల్సి ఉంటుంది.

నియమాల కోసం రాష్ట్ర పార్టీల సైట్లు చూడొచ్చు. అన్నీ ఒకేచోట కావాలంటే ది గ్రీన్ పేపర్స్ అనే సైటు ఉంది. చూడటానికి పాతకాలం నాటిదిలా ఉంటుంది గానీ సమాచారం నిండుగా ఉంటుంది.

2. తేదీల పక్కన ఓటర్లు ఎవరో రాయండి

క్యాలెండర్‌లో తేదీతోపాటు మూడు విషయాలు నోట్ చేసుకోండి: ప్రైమరీయా కాకసా (పార్టీవాళ్లు ఒకచోట సమావేశమై ఎంచుకునే పద్ధతి), పార్టీ సభ్యులు మాత్రమే ఓటేయాలా లేక ఎవరైనా వేయొచ్చా, ఆ రాష్ట్రంలో ఆ పార్టీకి ఓటేసేవాళ్లు ఏ వర్గాలవాళ్లు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అయోవా, న్యూ హాంప్‌షైర్‌లలో తెల్లజాతి ఓటర్లే అత్యధికులు. సౌత్ కరోలినా డెమోక్రటిక్ ప్రైమరీలో సగానికి పైగా నల్లజాతి ఓటర్లు. నెవాడాలో లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు), లాస్ వేగాస్ హోటళ్ల కార్మిక సంఘం. 2020లో జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో అయిదో స్థానం. టీవీల్లో సంతాప సందేశాలు మొదలైపోయాయి. కానీ క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న వేరు: ఆయన బలం ఉన్న ఓటర్లు ఇంతవరకూ ఓటేశారా? వేయలేదు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా వంతు వచ్చింది, ఆయన దాదాపు 49 శాతంతో గెలిచారు. పీట్ బుటిజెజ్‌ది సరిగ్గా తిరగబడిన కథ. మొదటి రెండు రాష్ట్రాల్లో అదరగొట్టారు, కానీ నల్లజాతి ఓటర్లలో ఆయనకు పట్టే లేదు. ఆ వరస ముందుకు సాగితే ఏమవుతుందో అయోవా రాత్రే కనిపిస్తోంది.

రెండో విషయానికి 2024 ఉదాహరణ. న్యూ హాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు కూడా ప్రైమరీలో ఓటేయొచ్చు. నిక్కీ హేలీ అక్కడ 43 శాతం తెచ్చుకున్నారు. అది చూసి "పోటీ ఉంది" అనుకున్నవాళ్లు ఆ ఓట్లలో ఎన్ని స్వతంత్రులవో చూడలేదు. తర్వాత సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలోనే ఆమె 20 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. సొంత రాష్ట్రంలో ఓడినవాళ్లు తర్వాత పుంజుకోవడం బహు అరుదు. 2016లో మార్కో రూబియో ఫ్లోరిడాలో ఓడిన రాత్రే తప్పుకున్నారు.

ఒక్క జాగ్రత్త. ఈ క్యాలెండర్ స్థిరంగా ఉండదు. 2024లో డెమోక్రాట్ల జాతీయ కమిటీ సౌత్ కరోలినాను ముందుకు తెచ్చింది. పాత వరసను గుర్తుంచుకుని లెక్క మొదలుపెట్టకండి.

3. సర్వేను ఎలా చదవాలి

ఓటింగ్‌కు ఏడాది ముందు జాతీయ సర్వేలో అభ్యర్థికి 30 శాతం వచ్చిందంటే, అందులో ఎంత ఇష్టం, ఎంత పేరు పరిచయం అన్నది విడదీయాలి. దాదాపు అందరికీ తెలిసిన మనిషికి 30 రావడం, సగం మందికే తెలిసిన మనిషికి 15 రావడం దాదాపు ఒకటే బలం. రెండోవారికి ఎదిగే చోటు ఇంకా ఉంది. జూలియానీకి 2007లో ఉన్నది మొదటి రకం మద్దతు. 1976కు ముందు జిమ్మీ కార్టర్ పేరే దేశంలో చాలామందికి తెలియదు.

అందుకే నేను సర్వేలో మొదట చూసేది "ఎవరికి ఓటేస్తారు" అన్న ప్రశ్న కాదు. ముందు ఆ పార్టీ ఓటర్లలో ఎంతమందికి ఆయన మీద మంచి అభిప్రాయం ఉంది, ఎంతమందికి చెడు అభిప్రాయం ఉంది అన్నది చూస్తాను. ఆ తర్వాత "మీ రెండో ఎంపిక ఎవరు" అన్న ప్రశ్న. పది మంది బరిలో ఉన్నప్పుడు రెండో ఎంపికే రేపటి ఓటు. ఆ తర్వాతే తొలి రాష్ట్రాల సర్వేలు, చిట్టచివర జాతీయ సర్వే.

ఉన్నట్టుండి పెరిగిన అంకెలకు కంగారు పడొద్దు. 2011లో రిపబ్లికన్లలో మిషెల్ బాక్‌మన్, రిక్ పెర్రీ, హెర్మన్ కేన్, న్యూట్ గింగ్రిచ్ ఒకరి తర్వాత ఒకరు పైకి లేచి కిందపడ్డారు. మిట్ రామ్నీ మాత్రం కదలకుండా అక్కడే ఉండి గెలిచారు. 2019 జూన్ డిబేట్ తర్వాత కమలా హారిస్ అంకెలు రెండంకెలకు ఎగిరాయి. డిసెంబరు 3న, ఒక్క ఓటూ పడకముందే, డబ్బు లేదంటూ ఆమె తప్పుకున్నారు. డిబేట్ తర్వాత ఎగిరిన అంకె ఆరు వారాలు నిలబడితేనే నా షీట్లో మారుస్తాను.

ఇంకో సంగతి, ప్రైమరీ సర్వేలు సాధారణ ఎన్నికల సర్వేల కన్నా చాలా ఎక్కువగా తప్పుతాయి. అందరూ ఒకే పార్టీవాళ్లు, విధానాల్లో పెద్ద తేడా ఉండదు, చివరి రెండు రోజుల్లో కూడా మనసు మారుతుంది. 2008 న్యూ హాంప్‌షైర్‌లో సర్వేల సగటు ఒబామాకు 8 పాయింట్ల ఆధిక్యం చూపింది, గెలిచింది హిల్లరీ. 2016 మిషిగన్‌లో హిల్లరీకి 20 పాయింట్లు ఎక్కువని చెప్పాయి, గెలిచింది బెర్నీ శాండర్స్. కాబట్టి ప్రైమరీలో 7 పాయింట్ల ఆధిక్యం అంటే "గెలుపు ఖాయం" అని కాదు, మూడింట రెండు వంతుల ఛాన్స్ అనుకోండి చాలు.

సర్వేల సగటు కోసం చాలామంది అలవాటుగా చూసే ఫైవ్‌థర్టీఎయిట్ 2025లో మూతపడింది. రియల్‌క్లియర్‌పాలిటిక్స్ లాంటివి ఉన్నాయి. ఏది చూసినా అందులో చేర్చిన సర్వేల జాబితా తెరిచి చూడండి. అభ్యర్థుల సొంత సర్వేలు కలిసిపోయి ఉంటే వాటిని తీసేసి మళ్లీ సగటు వేయండి.

4. డబ్బు: ఎంత వచ్చిందో కాదు, ఎంత మిగిలిందో

అభ్యర్థులు తమ ఆదాయ వ్యయాలను ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు చూపాలి. ఎన్నికల ముందు ఏడాది త్రైమాసిక నివేదికలు ఏప్రిల్, జూలై, అక్టోబరు 15 నాటికి, చివరిది జనవరి 31 నాటికి వస్తాయి. కమిషన్ సైటులో ఎవరైనా చూడొచ్చు. చూడాల్సినవి మూడే అంకెలు: చేతిలో నిల్వ, ఆ మూడు నెలల్లో వచ్చిన దానిలో ఎంత శాతం ఖర్చయింది, 200 డాలర్లలోపు చిన్న విరాళాల వాటా. వచ్చిన దానికన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్నవాళ్లు అయోవా చేరేసరికి చేతులెత్తేస్తారు. చిన్న దాతలున్నవాళ్లు ఓడినా నెలకోసారి మళ్లీ అడగగలరు. పెద్ద దాతలు చట్టం అనుమతించిన గరిష్ఠ మొత్తం (2025-26కి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు) ఒకసారి ఇచ్చేస్తే వాళ్లతో పని అయిపోయినట్టే.

డబ్బు గేటు లోపలికి పంపుతుంది, అంతే. 2016 రేసు కోసం జెబ్ బుష్ వైపు సూపర్ పాక్ (అభ్యర్థికి బయట నుంచి ప్రచారం చేసే, విరాళాలకు పరిమితి లేని సంఘం) ఒక్కటే 2015 మొదటి ఆరు నెలల్లో 10 కోట్ల డాలర్లకు పైగా పోగేసింది. ఆయనకు దక్కింది నలుగురు డెలిగేట్లు. బ్లూమ్‌బెర్గ్ సొంత డబ్బు వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టి అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే గెలిచారు. మరోవైపు 2007 వేసవిలో మెకెయిన్ ఖజానా దాదాపు ఖాళీ, సిబ్బంది వెళ్లిపోయారు. ఆయనే నామినీ అయ్యారు.

విరాళాల మాట వచ్చింది కాబట్టి అమెరికాలోని మనవాళ్లకో మాట: పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లే ఇవ్వొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు అభిమానం కొద్దీ పాతిక డాలర్లు పంపినా అది చట్టవిరుద్ధమే.

5. మద్దతు ప్రకటనలు

గవర్నర్లు, సెనేటర్లు ఎవరి వైపు వెళ్తున్నారో లెక్కపెట్టడం ఒకప్పుడు మంచి సూచిక. 2016లో ట్రంప్‌కు తొలి సెనేటర్ మద్దతు (జెఫ్ సెషన్స్) ఫిబ్రవరి 28న గానీ రాలేదు, అప్పటికే ఆయన మూడు రాష్ట్రాలు గెలిచేశారు. అందుకని సంఖ్యను పక్కనపెట్టి, ఆ నాయకుడి మాట వినే ఓటర్లు త్వరలో ఓటేయబోతున్నారా అన్నది చూడండి. 2020 ఫిబ్రవరి 26న సౌత్ కరోలినా కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతు పలికారు. మూడు రోజుల్లో క్లైబర్న్ సొంత రాష్ట్రంలో ఓటింగ్. ఆ ఒక్క ప్రకటన యాభై మంది సెనేటర్ల పెట్టు.

6. ఎవరు తప్పుకుంటే ఎవరికి లాభం

అంచనాల్లో ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. ప్రతి అభ్యర్థి పక్కన ఇలా రాయండి: "ఈయన దాటాల్సిన మొదటి గేటు, అంటే తప్పక గెలవాల్సిన రాష్ట్రం, ఏది, అక్కడ ఓడితే ఎప్పుడు తప్పుకుంటారు, తప్పుకుంటే ఓట్లు ఎటు పోతాయి?"

2020 మార్చి 1న బుటిజెజ్, 2న ఎమీ క్లోబుచార్ తప్పుకుని ఇద్దరూ బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. 3న సూపర్ ట్యూస్‌డే. ఆ ఒక్క రోజే ఓటేసిన 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. నాలుగేళ్ల ముందు రిపబ్లికన్లలో ఇది జరగలేదు. టెడ్ క్రూజ్, రూబియో, జాన్ కేసిక్ ఎవరికి వారు "మిగతావాళ్లు దిగిపోతే నేనే" అనుకుంటూ కూర్చున్నారు. రెండు రేసుల్లోనూ ముందున్నవాడికి ఉన్నది దాదాపు మూడో వంతు ఓటర్ల మద్దతే. శాండర్స్ ఓడారు, ట్రంప్ గెలిచారు. తేడా తెచ్చింది ప్రత్యర్థులు దిగిన వేళ, దాంతోపాటు మొదటి మెట్టులో చెప్పిన నియమాలు.

పోస్టల్ ఓట్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఈ లాభాన్ని తగ్గించి వేయండి. అభ్యర్థి తప్పుకునేలోపే చాలా ఓట్లు పడిపోయి ఉంటాయి. ఆ సూపర్ ట్యూస్‌డే రోజున కాలిఫోర్నియా శాండర్స్ వైపే నిలిచింది.

7. ఇప్పుడు శాతాలు వేయండి

"గెలుస్తాడనిపిస్తోంది" అన్నది అంచనా కాదు. అంకె రాయాలి. ఒక్కసారిగా అంకె తట్టదు కాబట్టి గేటుతో విడగొట్టండి. ఒక అభ్యర్థికి కీలకమైన రాష్ట్రం గెలిచే అవకాశం 40 శాతం అనుకున్నారు. గెలిస్తే నామినేషన్ అవకాశం 60 శాతం, ఓడితే 10 శాతం. మొత్తం: 0.40 × 0.60 + 0.60 × 0.10 = 0.30. అంటే 30 శాతం. దీంతో ఇంకో లాభం ఉంది. ఆ రాష్ట్రం ఫలితం వచ్చిన రాత్రి టీవీ అరుపులకు టెన్షన్ పడకుండా 60కో 10కో మారిపోవచ్చు, ముందే రాసిపెట్టుకున్నారు కదా.

అందరికీ ఇలా వేశాక కూడండి. మొత్తం 100 దాటితే ఎవరి మీదో ప్రేమ పొంగింది. తగ్గించండి. "ఇంకా బరిలోకి రానివాళ్లు" అని ఒక గడి కూడా ఉంచండి, ఏడాది ముందు దానికి 10 శాతం ఇచ్చినా ఎక్కువేం కాదు.

చివర్లో పాలీమార్కెట్, బెట్‌ఫెయిర్ లాంటి పందెపు మార్కెట్ల ధరలతో పోల్చుకోండి. మొదట కాదు, చివర్లోనే. ముందే చూస్తే మీ అంకెలు వాటి నీడలా తయారవుతాయి. గెలిస్తే ఒక డాలరు వచ్చే పందెం ఎన్ని సెంట్లు పలికితే దాదాపు అంత శాతం ఛాన్స్ అని అర్థం. అందరి ధరలూ కలిపితే 112 సెంట్లు వచ్చాయనుకోండి, ఒక్కోదాన్ని 112తో భాగించాలి, 28 సెంట్ల వ్యక్తికి అసలు అవకాశం 25 శాతం. ఒకటి రెండు సెంట్లు పలికే సరదా పేర్లను ఇంకా తగ్గించండి, వాటికి అసలు కన్నా ఎక్కువ ధర పలుకుతుంది. మీ అంకెకీ మార్కెట్‌కీ 15 పాయింట్లకు మించి తేడా ఉంటే కారణం ఒక్క వాక్యంలో రాయగలరా చూడండి. రాయలేకపోతే మార్కెట్ వైపు సగం దూరం జరగండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆన్‌లైన్ పందేలు నిషేధం. ధరలు చూడటం వరకే.

8. ఓటింగ్ మొదలయ్యాక

ఇక "ఎన్ని రాష్ట్రాలు గెలిచారు" అన్న హెడ్‌లైన్‌ను వదిలేసి, డెలిగేట్ల తేడా మాత్రమే చూడండి. 2008 సూపర్ ట్యూస్‌డే నాడు హిల్లరీ న్యూ జెర్సీ గెలిచి 11 మంది ఆధిక్యం సంపాదించారు. అదే రోజు చిన్న రాష్ట్రం ఐడాహో కాకస్‌లో ఒబామా 12 మంది ఆధిక్యం తెచ్చుకున్నారు. ఐడాహో గురించి ఆ రాత్రి ఎంతమంది మాట్లాడి ఉంటారు?

వెనకబడినవాళ్ల విషయంలో ఒక్క భాగహారం చాలు. 2020 డెమోక్రాట్ల లెక్కనే తీసుకుందాం. 1,991 కావాలి, చేతిలో 800 ఉన్నాయి, ఇంకా తేలాల్సినవి 1,500 అనుకోండి. కావలసింది 1,191, అంటే మిగిలినవాటిలో 79 శాతం. నిష్పత్తి పద్ధతిలో ఇద్దరి మధ్య పోటీలో అది జరిగే పని కాదు. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా, ఆయన పక్కన 1 శాతం రాసేయండి. అదే రిపబ్లికన్ల "మొదటివాడికే అన్నీ" రాష్ట్రాలు ముందుంటే తొందరపడొద్దు, 79 శాతం కూడా సాధ్యమే.

ప్రైమరీలన్నీ గెలిచినా మహాసభ దాకా "అనుకోనిది జరిగితే" అని ఒక గడి విడిగా ఉంచండి. 2024లో బైడెన్ దాదాపు డెలిగేట్లందరినీ గెలుచుకుని జూలై 21న తప్పుకున్నారు. ఆ ప్రైమరీల్లో పోటీయే చేయని హారిస్ నామినీ అయ్యారు. మామూలుగా ఈ గడికి నేను 2 శాతం పెడతాను, అభ్యర్థి వయసు 75 దాటితే 5.